పట్టాలు వచ్చాయి, పట్టాలు రాలేదు

మా నాన్న వాల్తేరు డివిజన్‌లో పి.డబ్ల్యు.ఐ.గా చేసి రిటైరయ్యారు. పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్ అంటే పట్టాలు, స్లీపర్లు, కంకర, గ్యాంగ్‌మన్ల హాజరు, అన్నీ ఆయన నెత్తినే. సర్వీసులో ఎక్కువ భాగం కొత్తవలస–కిరండూల్ లైను మీదే గడిచింది. నాకు అక్షరాలు వచ్చింది కూడా అరకు రైల్వే క్వార్టర్సులోనే. ఆయన డాలస్ పక్కన మా ఊరొచ్చి, రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే నడకకి వెళ్ళొచ్చి, "ఫ్రిస్కో అంటే ఏంటి తల్లీ?" అని అడిగారు.

తొమ్మిదేళ్ళుగా ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఇల్లు కొన్నాం, అప్పు కడుతున్నాం. కూరగాయల కొట్లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా తెలుగే వినిపించే ఊరిది. అయినా ఆ పేరెందుకొచ్చిందో నాకు తెలీదు. కూర్చుని వెతికితే తేలింది. అది ఒక రైలు కంపెనీ ముద్దుపేరు. సెయింట్ లూయీ–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేని జనం ఫ్రిస్కో అనేవారు. (ఆ కంపెనీ పట్టాలు శాన్ ఫ్రాన్సిస్కో దాకా ఏనాడూ వెళ్ళలేదు, అది వేరే సంగతి.) ఊరివాళ్ళు ముందు ఎమర్సన్ అని పెట్టుకోబోతే, టెక్సస్‌లో అలాంటి పేరు ఇంకోటి ఉందని పోస్టల్ శాఖ ఒప్పుకోలేదట. 1904లో రైలు పేరే ఖాయమైంది. ఆరబెట్టిన రకూన్ తోలులా ఉండే కంపెనీ గుర్తు ఇప్పటికీ ఊళ్ళో కనిపిస్తుంది.

నాన్న అక్కడితో వదల్లేదు. పాత మ్యాపులు చూస్తూ కూర్చున్నారు. ఇదే కంపెనీ మా ఊరికి రాకముందే, 1880లలో, ఆర్కన్సా సరిహద్దు నుంచి టెక్సస్ దాకా అమెరికా ఆదివాసీ తెగ అయిన చోక్టాల దేశం గుండా ఒక లైను వేసింది. ఆ లైను మీద కొండల మధ్య తలిహినా అని ఒక ఊరుంది. చోక్టా భాషలో ఆ మాటకి అర్థం ఇనుప దారి.

"ఊరికి ఇనుప దారి అని పేరా? పద, చూసొద్దాం" అన్నారు. మార్చి నెలాఖరు. నాలుగు రోజులు సెలవు పెట్టాను. పిల్లల్ని వాళ్ళ నాన్నకి అప్పగించి, మేమిద్దరం పులిహోర డబ్బాతో బయల్దేరాం.

మొదటి రోజు

75వ నంబరు హైవే మీద ఉత్తరానికి గంటకు పైగా వెళ్తే రెడ్ రివర్ వస్తుంది. నీళ్ళు నిజంగానే ఎర్రమట్టి రంగు. దాటితే ఓక్లహోమా. ఇంకాస్త ముందుకెళ్తే డ్యూరంట్ ఊరు, చోక్టా నేషన్ ప్రధాన కార్యాలయం ఉన్నచోటు. ఇక్కడి కార్ల నంబరు ప్లేట్లు చాలావాటి మీద రాష్ట్రం పేరు కాకుండా చోక్టా నేషన్ పేరే ఉంటుంది. నాన్న దాన్ని చూసి, "అంటే ఇది వేరే రాజ్యమా?" అన్నారు. ఒక రకంగా అంతే. 2021లో ఓక్లహోమా కోర్టు కూడా చోక్టా రిజర్వేషన్ చట్టం దృష్టిలో ఎప్పుడూ రద్దవలేదని తేల్చింది.

చోక్టాల అసలు ఊళ్ళు ఇక్కడివి కావు. వాళ్ళది మిసిసిపీ ప్రాంతం. 1830లో డాన్సింగ్ రాబిట్ క్రీక్ దగ్గర రాయించుకున్న ఒప్పందంతో అక్కడి కోటి ఎకరాలకు పైగా నేల పోయింది. 1831 నుంచి మూడు శీతాకాలాలు వరసగా జనాన్ని పడమటికి నడిపించారు. చలికి, కలరాకి దారిలోనే వేలమంది పోయారు. మిగిలినవాళ్ళకి దక్కింది ఈ నేల. ఈసారి వాళ్ళు చేసిన పనేంటంటే, భూమిని ఎవరి పేరా పెట్టలేదు. మొత్తం జాతిదే. చోక్టా పౌరుడు ఎక్కడైనా ఇల్లు కట్టుకోవచ్చు, కంచె వేసి దున్నుకోవచ్చు. ఇల్లు అతనిది, పంట అతనిది, కంచె అతనిది. కింద నేల మాత్రం అతనిది కాదు. బయటివాడికి అమ్మే మాటే లేదు.

2021లో తెరిచిన చోక్టా కల్చరల్ సెంటర్‌లో ఇదంతా నేను చదివి చెబుతుంటే నాన్న, "మన 1/70 చట్టంలాగే ఉందే" అన్నారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని 1970లో కట్టుదిట్టం చేసిన చట్టం అది. అరకులో అన్నేళ్ళు ఉండి, "అందరూ స్థలాలు కొంటున్నారు, మీకేమైంది?" అని అమ్మ సాధిస్తుంటే, "కొనకూడదే, చట్టం" అని ఆయన చెప్పిన సమాధానం నాకు కంఠతా వచ్చు. అమ్మ ఇప్పటికీ నమ్మదు.

అక్కడే బనహా తిన్నాం. మొక్కజొన్న పిండి ముద్దని పొత్తి ఆకులో చుట్టి ఉడికిస్తారు. కుడుములాంటిదే, ఉప్పు తక్కువ. నాన్న జేబులోంచి కారప్పొడి పొట్లం తీశారు. నేను అటు తిరిగి కూర్చున్నాను.

డ్యూరంట్ పుట్టుక చిన్న కథ. అంతర్యుద్ధంలో చోక్టాలు దక్షిణాది పక్షం వహించారు. వాళ్ళలో కలిగినవాళ్ళకి నల్లజాతి బానిసలుండేవారు. మ్యూజియం ఆ సంగతి దాచలేదు. యుద్ధం ఓడాక 1866లో రాసిన ఒప్పందంలో బానిసత్వం రద్దుతోపాటు ఇంకో షరతు పెట్టారు. ఉత్తర దక్షిణాలుగా ఒకటి, తూర్పు పడమరలుగా ఒకటి, రెండు రైలు మార్గాలకి దారి ఇవ్వాలి. మొదట వచ్చింది మిసోరీ–కాన్సస్–టెక్సస్ రైల్వే. జనం నోట్లో అది 'కేటీ'. 1872లో చోక్టా నేలంతా దాటేసి, ఆ డిసెంబరుకి టెక్సస్‌లోని డెనిసన్ చేరింది. ఆ మరుసటేడు చక్రాలు లేని ఒక గూడ్సు పెట్టెని సైడింగ్ పక్కన పడేస్తే, అదే డ్యూరంట్‌లో మొదటి కట్టడం. మిసిసిపీ నుంచి నడిచొచ్చిన డ్యూరంట్ కుటుంబంలోని డిక్సన్ డ్యూరంట్ దాని పక్కన చెక్కలతో ఒక కొట్టు పెట్టాడు. ఊరు మొదలైంది.

"మేమూ పాత పెట్టెల్లో ఆఫీసులు నడిపాం" అన్నారు నాన్న, పెద్దగా ఆశ్చర్యపోకుండా.

సిటీ హాలు ముందు గ్రానైట్ దిమ్మె మీద ప్రపంచంలోకెల్లా పెద్ద వేరుశెనగ కాయ అని ఒక అల్యూమినియం కాయ ఉంది. ఒక పసిపిల్లంత ఉంటుంది. అనంతపురం వాళ్ళెవరైనా చూస్తే మనసు కష్టపెట్టుకుంటారు.

కాడో దాటాక ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర కారు ఆపమన్నారు. పాత కేటీ లైనే, ఇప్పుడు యూనియన్ పసిఫిక్ వాళ్ళది. నాన్న రోడ్డు అంచునే నిలబడి కళ్ళతో కొలిచారు. మనది 5 అడుగుల 6 అంగుళాల బ్రాడ్ గేజు, ఇది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అది ఆయనకి ముందే తెలుసు. తెలియనిది స్లీపర్ల సంగతి. "ఇంకా చెక్క స్లీపర్లే! డాగ్ స్పైకులు చూడు, మేం ఎప్పుడో మానేశాం!" అన్నారు. ఆ గొంతులో వెక్కిరింపు ఉందో, పాత స్నేహితుణ్ణి చూసిన సంబరం ఉందో చెప్పలేను.

సాయంత్రం బాగీ డిపో వెళ్ళాం. నాన్న దాన్ని 'బోగీ డిపో' అనుకుని ఎంతో ఆశగా వచ్చారు. బాగీ అన్నది ఇక్కడి వాగు పేరు. డిపో అన్నది 1830లలో వలసొచ్చిన ఇంకో తెగ, చికాసాలకి రేషన్ పంచిన కొట్టాం. బోగీలకీ దీనికీ సంబంధం లేదు. ఇంకా చెప్పాలంటే, బోగీలు రాకపోబట్టే ఈ ఊరు పోయింది. టెక్సస్ రోడ్డు మీద బళ్ళు ఆగే పెద్ద ఊరిది. కేటీ రైలు తూర్పున డజను మైళ్ళ దూరంలో అటోకా మీదుగా వెళ్ళిపోయింది. కొట్లవాళ్ళు సామాను సర్దుకుని పట్టాల దగ్గరికి పోయారు.

మా ఫోన్ చూపించిన దారి ఒక పశువుల దొడ్డి గేటు దగ్గర ముగిసింది. లోపల్నుంచి కుక్క అరుపులు. వెనక్కి తిప్పుకుని శ్మశానం చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ ఆలెన్ రైట్ సమాధి ఉంది. 1866 ఒప్పందం మీద చోక్టాల తరఫున సంతకం చేసినవాళ్ళలో ఒకడు, ఆ ఏడాదే ప్రధాన చీఫ్ అయ్యాడు. ఈ ప్రాంతానికి ఏం పేరు పెట్టాలంటే ఓక్లహోమా అన్నది ఆయనే. ఓక్లా అంటే జనం, హొమ్మా అంటే ఎరుపు. రైలుకి దారి రాసిచ్చిన సంతకం ఆయనది, రైలు తప్పించుకుపోయిన ఊళ్ళో సమాధి ఆయనది. నాన్న చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డారు.

రాత్రి మకాం అటోకాలో. మోటెల్ గదిలో హీటర్ రాత్రంతా ఆవిరింజన్‌లా చప్పుడు చేసింది. నాన్న హాయిగా నిద్రపోయారు.

రెండో రోజు

69వ నంబరు రోడ్డు, పక్కనే పట్టాలు. ఒక గూడ్సు ఎదురొచ్చింది. నాన్న 112 వ్యాగన్లు లెక్కపెట్టారు, నేను మాట్లాడితే లెక్క తప్పుతుందని చెయ్యి చూపించి ఆపారు.

మెకాలెస్టర్ ఊరు బొగ్గు మీద పుట్టింది. జె.జె. మెకాలెస్టర్ అన్న తెల్లజాతి యువకుడికి ఈ చుట్టుపక్కల బొగ్గు ఉందని ఒక సర్వేయరు నోటుపుస్తకం ద్వారా తెలిసిందంటారు. రెండు రోడ్లు కలిసేచోట కొట్టు పెట్టాడు. 1872లో రెబెకా బర్నీ అనే చికాసా అమ్మాయిని పెళ్ళాడాడు. చోక్టా, చికాసాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల ఆ పెళ్ళితో అతనికి చోక్టా నేల మీద కూడా పౌరుడి హక్కులొచ్చాయి. ఖనిజం కనిపెట్టిన పౌరుడికి దాని చుట్టూ ఒక మైలు మేర తవ్వుకునే హక్కుందని చోక్టా చట్టం. అల్లుడి హోదాలో బొగ్గు అతని చేతికొచ్చింది. రైలు కంపెనీకి అమ్మడం మొదలెట్టాడు.

"ఈ కథ మన ఏజెన్సీలో కూడా తెలిసిందే" అన్నారు నాన్న. పెళ్ళాం పేరు మీద పొలం, మొగుడి చేతిలో పెత్తనం.

చీఫ్ కోల్మన్ కోల్ దీన్ని ఒప్పుకోలేదు. బొగ్గు నేలది, నేల జాతిది, కాబట్టి రాయల్టీ జాతికే రావాలన్నాడు. మాట ముదిరి మెకాలెస్టర్‌కీ అతని భాగస్వాములకీ మరణశిక్ష దాకా వెళ్ళింది. వాళ్ళు కాపలావాళ్ళ కన్నుగప్పి సరిహద్దు దాటారు. తర్వాత రాజీ కుదిరింది. ఆ మెకాలెస్టరే 1911లో ఓక్లహోమాకి లెఫ్టినెంట్ గవర్నరయ్యాడు. కోల్ వాదన తప్పని నాకైతే అనిపించలేదు. శిక్ష సంగతి పక్కన పెడితే.

ఈ ఊళ్ళో ఇంకో తమాషా ఉంది. 1889లో తూర్పు పడమరల రైలు, చోక్టా కోల్ అండ్ రైల్వే వాళ్ళది, మెకాలెస్టర్ కొట్టుకి కొంచెం దక్షిణంగా కేటీ లైనుని దాటింది. రెండు లైన్లు కలిసేచోట సౌత్ మెకాలెస్టర్ అని కొత్త ఊరు లేచింది. పాత ఊరు నార్త్ మెకాలెస్టర్ అయి చిన్నబోయింది. చివరికి 1907లో రెండూ కలిశాయి. జంక్షన్ ఎక్కడ పడితే ఊరక్కడే.

పక్కనే క్రెబ్స్. ఇటలీ నుంచి వచ్చిన గని కార్మికుల ఊరు. 1892 జనవరి 7న 11వ నంబరు గనిలో పేలుడు జరిగి దాదాపు 100 మంది చనిపోయారు. ఆ గని నడిపింది కేటీ రైల్వే అనుబంధ కంపెనీయే. ఊళ్ళో స్మారకం ముందు పేర్లు చదువుతూ వెళ్ళాం. ఇటలీ పేర్లే కాదు, చాలా దేశాల పేర్లున్నాయి. పక్కవీధిలో పిండివంటల వాసన. నాన్న ఏం తినలేదు. కిరండూల్ లైన్లో కొండచరియ విరిగిపడ్డప్పుడు ఆయన గ్యాంగులో ఒకతను పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనెప్పుడూ మాట్లాడరు. ఆ పూటా మాట్లాడలేదు.

పోటో చేరేసరికి రాత్రి. ఇక్కడ కవనాల్ అని ఒక గుట్ట ఉంది. ఎత్తు 1,999 అడుగులట. రెండు వేలైతే కొండ అవుతుంది కాబట్టి, ప్రపంచంలో ఎత్తైన గుట్ట మాదే అని బోర్డు పెట్టుకున్నారు.

మూడో రోజు

పొద్దున్నే ఉత్తరానికి స్కలీవిల్ వెళ్ళాం. ఇప్పుడక్కడ శ్మశానం తప్ప చెప్పుకోడానికేం లేదు. కానీ ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువసేపు పట్టుకున్నది ఈ చోటే.

ఇస్కులి అంటే చోక్టాలో డబ్బు. 1832లో ఇక్కడ చోక్టా ఏజెన్సీ, అంటే చోక్టాల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ కార్యాలయం, పెట్టారు. పాత భూములకి బదులుగా ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్ము ఇక్కడ పంచేవారు. అందుకే ఆ పేరు. 1847 మార్చిలో ఇక్కడే ఒక సభ జరిగింది. ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులు పట్టి జనం ఆకలితో చస్తున్నారని విన్నారు. మిసిసిపీ నుంచి ఆ కన్నీటి బాట నడిచొచ్చి పదహారేళ్ళు కాలేదు. వాళ్ళ దగ్గరే ఏమీ లేదు. అయినా 170 డాలర్లు పోగుచేసి పంపారు. ఐరిష్‌వాళ్ళు మర్చిపోలేదు. కార్క్ దగ్గర మిడిల్టన్‌లో 2017లో తొమ్మిది ఉక్కు ఈకలు గుండ్రంగా నిలబెట్టి స్మారకం కట్టారు. ఇక్కడ, ఆ సభ జరిగిన నేల మీద, మేం చూసింది గడ్డి, సమాధులు, ఒక ముళ్ళకంచె.

1858 నుంచి మూడేళ్ళు సెయింట్ లూయీ నుంచి కాలిఫోర్నియా వెళ్ళే టపా బగ్గీలు కూడా ఇక్కడ ఆగేవి. అంత ఊరు. 1890ల మధ్యలో ఇంకో కంపెనీ, కాన్సస్ సిటీ, పిట్స్‌బర్గ్ అండ్ గల్ఫ్, తన లైనుని కాస్త పక్కగా తీసుకెళ్ళింది. లైను మీద స్పైరో అని కొత్త ఊరు పుట్టింది. స్కలీవిల్ కొట్లు ఒక్కొక్కటే అటు జరిగాయి.

"అలైన్‌మెంటులో రెండు మైళ్ళు ఇటు జరిపితే బతికేది" అన్నారు నాన్న. ఆ మాట ఇంజినీరులా అనలేదు. కొత్తవలస–కిరండూల్ లైను సర్వేలో పక్కకి పోయిన ఊళ్ళ పేర్లు ఆయనకి ఇంకా గుర్తున్నాయి.

స్పైరో దగ్గర పాత మట్టి దిబ్బలున్నాయి, చోక్టాలకంటే ఎన్నో శతాబ్దాల ముందు కాడో జాతుల పూర్వీకులు కట్టినవి. 1930లలో కొందరు లీజు తీసుకుని, శంఖం మీద చెక్కిన బొమ్మల కోసం డైనమైట్ పెట్టి పేల్చారు. అరగంటకన్నా ఉండబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి వెనక్కి పోటో, విస్టర్, ఆపైన 271వ నంబరు రోడ్డు. ఈ రోడ్డు చాలామేర పాత ఫ్రిస్కో లైను వెంటే పోతుంది. ఆకులు రాకముందే రెడ్‌బడ్ చెట్లు గులాబిరంగు పూలతో నిండిపోయి ఉన్నాయి. వైండింగ్ స్టెయిర్ కొండలు మొదలయ్యాక నాన్న కిటికీ దించేశారు. "అనంతగిరి ఘాట్లా లేదూ?" అన్నారు. లేదు. అంత ఎత్తూ లేదు, సొరంగాలూ లేవు. కానీ అవునన్నాను.

తలిహినా వచ్చింది. ఒక మెయిన్ రోడ్డు, రెండంతస్తుల ఇటుక కట్టడాలు కొన్ని, వెయ్యి మంది అటూఇటూ జనం. కొండ మీద చోక్టా నేషన్ ఆసుపత్రి, తెగ సొంత డబ్బుతో 1999లో కట్టుకున్నది. ఊరి స్థాయికి చాలా పెద్దది.

కేటీకి దారిచ్చింది ఒప్పందం. ఫ్రిస్కో కథ అలా జరగలేదు. 1881లో కంపెనీ దారి అడిగినప్పుడు చోక్టా కౌన్సిల్ నిలువునా చీలింది. రైలొస్తే సరుకు కదులుతుందని కొందరు, రైలు వెనకాలే తెల్లవాళ్ళొస్తారని కొందరు. ఈ గొడవ తేలకముందే 1882 ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఫ్రిస్కోకి దారి ఇచ్చేసింది. నేల మీది, దారి మాది అన్నట్టు. 1886, 87లలో ఈ కొండల మధ్య పట్టాలు పడ్డాయి. 1888లో తలిహినాకి పోస్టాఫీసు వచ్చింది.

మెయిన్ రోడ్డు మీద ఒక బల్ల మీద కూర్చుని నాన్న నాకు రైలు ఊరెలా పుడుతుందో చెప్పారు. ముందు పట్టాలు వేసే గ్యాంగుల గుడారాలు. వాళ్ళకి బియ్యం, ఇక్కడైతే మొక్కజొన్న పిండి, అమ్మే కొట్టు. ఆవిరింజనుకి ఇన్ని మైళ్ళకొకచోట నీళ్ళు పట్టాలి కాబట్టి వాగు పక్కన ట్యాంకు. ట్యాంకు ఉన్నచోట బండి ఆగుతుంది కాబట్టి స్టేషను. స్లీపర్లకి చెట్లు కొట్టాలి కాబట్టి కోతమిల్లు. మిల్లు కూలీలకి ఇంకో కొట్టు. "ఎవరూ ఊరు కడదామని అనుకోరు, తల్లీ. ఇంజను దాహం తీర్చుకోడానికి ఆగుతుంది, అంతే."

ఆ కొట్లవాళ్ళు, మిల్లువాళ్ళు ఎక్కువమంది చోక్టాలు కారు. నేషన్‌కి డబ్బు కట్టి పర్మిట్ తీసుకుని ఉండాలి, లేదా చోక్టా పౌరుడి దగ్గర అద్దెకుండాలి. కోసిన కలపకి, రాయికి, బొగ్గుకి రాయల్టీ కట్టాలి. ఇల్లు కట్టుకుంటే గోడలు నీవి, నేల నీది కాదు. రేపు ఊరొదిలితే పలకలు పీక్కుని పోవాల్సిందే.

తమాషా ఏంటంటే, కంపెనీలదీ అదే పరిస్థితి. ఆ నేల మీద ఆదివాసీల హక్కు రద్దయితే లైనుకి రెండు పక్కలా గళ్ళు విడిచి గళ్ళుగా భూమి ఇస్తామని కాంగ్రెస్ కేటీకి ఆశపెట్టింది. కంపెనీ ఏళ్ళ తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగింది, ఆ భూమి మాత్రం చేతికి రాలేదు.

"పట్టాలు వేశారు కానీ పట్టా రాలేదన్నమాట" అన్నారు నాన్న. అని, తన మాటకి తనే మురిసిపోయి ఇంకోసారి అన్నారు.

కానీ జనం ఆగలేదు. 1890 నాటికే ఇండియన్ టెరిటరీ (ఓక్లహోమా రాష్ట్రం కాకముందు ఈ తెగల ప్రాంతం పేరు) మొత్తంలో ఆ నేల సొంతదారులకంటే బయటివాళ్ళే చాలా ఎక్కువ. వాళ్ళు ఊరుకుంటారా? మా ఇల్లు, మా కొట్టు, మాకు కాగితం ఎందుకుండదు అన్నారు. అలా అడిగేవాళ్ళకి ఓట్లున్నాయి, వార్తాపత్రికలున్నాయి, వాషింగ్టన్‌లో వినేవాళ్ళున్నారు. మొదటి రాత్రి మేం పడుకున్న అటోకాలోనే 1897లో ఒప్పందం రాశారు. 1898లో కర్టిస్ చట్టం వచ్చింది. పట్టణాలని కొలిచి, వీధులు గీసి, ప్లాట్లు చేసి, ఇల్లున్నవాళ్ళకి తగ్గింపు ధరకి అమ్మారు. మిగతా ఉమ్మడి భూమిని చోక్టాలకి సగటున తలా 320 ఎకరాల విలువ చొప్పున పంచారు. ఒకప్పటి బానిసలకి, వాళ్ళ పిల్లలకి 40 ఎకరాలే. చోక్టా కోర్టులు రద్దయ్యాయి, 1907 నవంబరులో ఓక్లహోమా రాష్ట్రమైంది.

పంచిన భూమి చాలామంది చేతుల్లో నిలవలేదు. ఇంగ్లీషు చదవలేనివాళ్ళ చేత సంతకాలు పెట్టించుకునేవాళ్ళు, అనాథ పిల్లలకి గార్డియన్లుగా చేరి వాళ్ళ వాటా మింగేసేవాళ్ళు బయల్దేరారు.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. "1/70 ఎత్తేస్తే అరకు ఏమవుతుందో ఇక్కడికొచ్చి చూడొచ్చు" అన్నారు చివరికి. ఆ మాట అమ్మతో చెప్పమన్నాను. ఫోన్లో చెప్పారు. "అయితే అందరూ కొన్నారుగా, మీరే కొనలేదు" అంది అమ్మ.

సాయంత్రం స్టేషను ఎక్కడని ఒక పెద్దాయన్ని అడిగాం. చొక్కా జేబుకి చోక్టా నేషన్ ముద్ర ఉంది. "హలీటో" అని పలకరించి, ఊరి పక్కగా పోతున్న చదును నేలని చూపించారు. పట్టాలు ఎప్పుడో పీకేశారు. కంకర అక్కడక్కడా మిగిలింది. ఇనుప దారి అని పేరున్న ఊళ్ళో ఇనుము లేదు. నాన్న వంగి ఒక కంకర రాయి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టారు. "రైల్వే ప్రాపర్టీ" అన్నారు.

ఇక్కణ్ణుంచి ఆర్కన్సాలోని మీనా దాకా కొండల మీద 54 మైళ్ళ అందమైన రోడ్డుంది. రెండూళ్ళ పేర్లు కలిపి తలిమీనా అన్నారు. మీనా కూడా రైలు ఊరే. ఆ లైనుకి డబ్బు పెట్టిన ఒక డచ్చి వ్యాపారి భార్య పేరది. మన మీనా కాదు.

నాలుగో రోజు

పొద్దున్నే మంచు. ఆల్బియన్ దాటి టస్కహోమా చేరాం. ఊరికి రెండు మైళ్ళ దూరంలో, పచ్చిక మధ్యలో ఎర్ర ఇటుకల చోక్టా కౌన్సిల్ హౌస్ నిలబడి ఉంది. 1884లో కట్టారు. ఇదీ వాళ్ళ పార్లమెంటు. తష్కా అంటే యోధుడు, హొమ్మా ఎరుపు. ఇప్పుడు మ్యూజియం. ఏటా లేబర్ డేకి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది, వేలమంది వస్తారు. మేం వెళ్ళిన రోజు మేమిద్దరం, గడ్డి కోసే యంత్రం మీద ఒక కుర్రాడు.

రాజధాని ఇక్కడ, స్టేషను అక్కడ. చివరికి టస్కహోమా అన్న పేరు కూడా రైలు దగ్గర లేచిన ఊరికే పోయింది.

ఆంట్లర్స్‌లో ఆగి కాఫీ తాగాం. వేటగాళ్ళు ఊట దగ్గర చెట్టుకి దుప్పి కొమ్ములు కట్టేవారట, అందుకా పేరు. ఇక్కడి పాత ఫ్రిస్కో స్టేషను మ్యూజియంగా మిగిలింది.

హ్యూగో వచ్చేసరికి మధ్యాహ్నం. 1901 ప్రాంతంలో తూర్పు పడమరల లైను ఇంకోటి వచ్చి ఫ్రిస్కోని దాటినచోట పుట్టిన ఊరు. సర్వేయరు భార్యకి విక్టర్ హ్యూగో అంటే ఇష్టమట, పేరు పెట్టేసింది. సర్కస్ కంపెనీలు చలికాలం గడిపే ఊరు కూడా. శ్మశానంలో ఏనుగు బొమ్మలున్న సమాధులున్నాయి.

ఇక్కడ పట్టాలు బతికే ఉన్నాయి. కయామిచీ రైల్‌రోడ్ అని ఒక చిన్న కంపెనీ నడుపుతోంది. పెద్ద స్టేషను చూశాక ఇంటికి బయల్దేరదామంటే, నాన్న ఒక గేటు దగ్గర ఆగమన్నారు. బండి వచ్చే సూచన ఏం లేదు. మిగిలిన పులిహోర తిన్నాం. నలభై నిమిషాలు. ఆఫీసు మెయిల్స్ చూసుకుంటూ నేను విసుక్కుంటుండగా ఎర్ర దీపాలు వెలిగాయి.

నాన్న కారు దిగి, చొక్కా సరిచేసుకుని, రోడ్డు పక్కన నిటారుగా నిలబడ్డారు. రెండు ఇంజన్లు, వెనక కలప దుంగల వ్యాగన్లు. నెమ్మదిగా వస్తోంది. చేతిలో పచ్చజెండా ఉన్నట్టే కుడిచెయ్యి పక్కకి చాచి, బండి మొత్తం పోయేదాకా దించలేదు. చక్రాల వైపే చూస్తున్నారు, యాక్సిల్ వేడెక్కిందేమో, ఏదైనా వేలాడుతోందేమో.

ఇంజను గేటు దాటుతూ హారన్ కొట్టింది.

"చూశావా? ఎక్స్‌ఛేంజ్ ఇచ్చాడు" అన్నారు కారెక్కుతూ. తన సిగ్నల్‌కి డ్రైవరు బదులిచ్చాడని.

గేటు దగ్గర ఎవరున్నా లేకపోయినా హారన్ కొట్టాల్సిందే. ఆ రూలు నాకు నేర్పింది ఆయనే.

"చూశాను నాన్నా" అన్నాను.